అన్నం తగ్గించి, కారం ఉంచి: తిరుమలగిరి ప్రాంతపు రాత్రి భోజనం

అన్నం, రొట్టె, దుంపలు, చక్కెర బాగా తగ్గించి, ఆ జాగాలో గుడ్లు, మాంసం, చేపలు, ఆకుకూరలు, కూరగాయలు, గింజలు పెట్టుకునే భోజనాన్ని తక్కువ పిండిపదార్థాల భోజనం అంటారు. పట్టణాల్లో దీని పేరు లో కార్బ్. ఇంకా కఠినంగా పాటిస్తే కీటో. ఈ పేర్లు వినగానే చాలామందికి ఉప్పూ కారం లేని పచ్చి ముక్కల పళ్లెం కళ్లముందు మెదులుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల చుట్టుపక్కల, ముఖ్యంగా తిరుమలగిరి లాంటి పాత మెట్ట ఊళ్లలో ఆ భయం అక్కర్లేదు. ఎల్లిపాయ కారం పట్టించిన కోడిగుడ్లు, పుంటికూర మాంసం, చింతచిగురు రొయ్యలు, కొర్రమీను వేపుడు, కాకరకాయ కారం ఇవన్నీ పిండిపదార్థం తక్కువగా ఉన్న వంటలే. లెక్క తప్పేది వాటి కింద పరుచుకునే అన్నం దగ్గర.

ఎంత తగ్గిస్తే తక్కువ అన్నదానికి ఒకే గీత లేదు. రోజుకు 130 గ్రాములలోపు పిండిపదార్థాలు ఉంటే తక్కువ, 50 గ్రాములలోపు ఉంటే అతి తక్కువ అని వైద్య రచనల్లో సాధారణంగా లెక్కిస్తారు. వండని బియ్యం 100 గ్రాములు తీసుకుంటే అందులో 78 గ్రాముల దాకా పిండిపదార్థమే. ఆ బియ్యం వండితే దాదాపు 300 గ్రాముల అన్నం అవుతుంది. పొలం నుంచి వచ్చిన మనిషికి అది పెద్ద కంచమేమీ కాదు. కూరతో కొంత, చారుతో కొంత, పెరుగుతో కొంత కలుపుకుంటే రాత్రి ఒక్క పూటకే వంద గ్రాములు దాటిపోతుంది. రెండు కోడిగుడ్లలో పిండిపదార్థం రెండు గ్రాములకు మించదు. కోడిమాంసంలో, చేపలో దాదాపు సున్నా.

మెట్ట నేలకు వరి వచ్చిన తీరు

తిరుమలగిరి సూర్యాపేట నుంచి జనగామ పోయే రోడ్డు మీద ఉంటుంది. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా ఏర్పడేదాకా ఇది నల్లగొండ జిల్లాలోని ఊరు. ఆ పాత నల్లగొండ జిల్లాలో అన్నం కథ రెండు రకాల నేలల కథ. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది, 1967 ఆగస్టు 4న కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి విస్తరించింది. మిర్యాలగూడ రైస్‌మిల్లుల పట్నమైంది. తిరుమలగిరి, తుంగతుర్తి వైపు ఆ నీళ్లు ఎక్కలేదు. ఇక్కడ బావులు, చెరువులు, వానను నమ్ముకున్న జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం. జొన్న గటక, అంబలి, వాటికి తోడు పచ్చిపులుసో, ఎల్లిపాయ కారమో. బోర్లు, ఆ తర్వాత శ్రీరాంసాగర్ రెండో దశ కాలువలు వచ్చాక ఈ మెట్ట కూడా వరి మడిగా మారింది.

పొలం మారకముందే కంచం మారడం మొదలైంది. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పెట్టిన కిలో రెండు రూపాయల బియ్యం, జొన్న తినే ఇళ్లలోకి తెల్లన్నాన్ని తెచ్చింది. అది ఆకలి తీర్చిన పథకం, దాన్ని చిన్నచూపు చూడాల్సిన పని లేదు. ఆ వరుసలోనే 2025 మార్చి 30న, ఉగాది నాడు, సూర్యాపేట జిల్లాలోని హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు, ఉచితంగా. అదే ఏడాది జులై 14న కొత్త రేషన్ కార్డుల పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తిరుమలగిరిలో ప్రారంభించారు. అంటే ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా అన్నింటికన్నా తేలిగ్గా దొరికేది సన్నబియ్యమే.

పాతకాలపు జొన్న తిండి వల్లే అప్పటివాళ్లకు షుగర్ రాలేదని ఊళ్లలో గట్టిగా చెబుతారు. ఇది సగం నిజం. జొన్నపిండిలో కూడా నూటికి 67 నుంచి 70 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, బియ్యానికి మరీ దూరమేమీ కాదు. పీచు ఎక్కువ కాబట్టి నెమ్మదిగా అరుగుతుంది, తక్కువ రొట్టెలకే కడుపు నిండుతుంది, అంతవరకు మేలు. అయితే అప్పటివాళ్లు పొద్దు పొడవకముందే మోట కొట్టినవాళ్లు, నాగలి వెంట నడిచినవాళ్లు. ట్రాక్టరు, వరికోత మిషను, మోటారు సైకిలు వచ్చాక కాళ్ల పని తగ్గింది, కంచం మాత్రం తగ్గలేదు.

దేశం మొత్తం మీద ఇదే కథ. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలోని ఇండియాబ్ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం దేశంలో షుగర్ వ్యాధి ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. భారతీయులకు అందే కేలరీలలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తున్నాయని అదే అధ్యయనం 2025లో తేల్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో ఇక్కడికి తరలివచ్చింది. 2024లో ఆ సంస్థ విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదంటాయి. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి ధాన్యం 250 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు అన్నది వాటి లెక్క. ఇది లో కార్బ్ కాదు, మామూలు ఆరోగ్యవంతుడికి చెప్పిన కొలత. మన ఇళ్లలో ఈ రెండు అంకెలు తారుమారుగా ఉంటాయి.

బాంటింగ్ నుంచి వీరమాచినేని దాకా

పిండిపదార్థం తగ్గించి బరువు తగ్గడం కొత్త కనిపెట్టుడు కాదు. లండన్‌లో విలియం బాంటింగ్ అనే శవపేటికల వ్యాపారి తన ఊబకాయం ఎలా తగ్గిందో 1863లో ఒక చిన్న పుస్తకంగా అచ్చువేశాడు. రొట్టె, చక్కెర, ఆలుగడ్డ మానేయడమే అతని మందు. 1921లో మేయో క్లినిక్ వైద్యుడు రస్సెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం కీటో ఆహారాన్ని ప్రతిపాదించాడు. 1972లో రాబర్ట్ అట్కిన్స్ పుస్తకం అమెరికాలో దీన్ని ఇంటింటికీ తీసుకుపోయింది.

తెలుగు నేల మీద ఆ స్థాయి సంచలనం 2017, 2018 ప్రాంతాల్లో వీరమాచినేని రామకృష్ణతో వచ్చింది. ఆయన వైద్యుడు కాదు. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు అన్న నాలుగు సూత్రాల మీద ఆయన పథ్యం నిలిచింది. అన్నం, పప్పు, పాలు, పండ్లు బంద్. ఊరూరా సభలు పెట్టారు, టీవీల్లో గంటల తరబడి వాదోపవాదాలు నడిచాయి. కిరాణా కొట్లలో కొబ్బరినూనె వంటసరుకైంది. మందులు ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదమని, కిడ్నీ రోగులకు ఇది సరిపడదని డాక్టర్లు అభ్యంతరం చెప్పారు. బరువు తగ్గినవాళ్లు ఆయన్ని మెచ్చుకున్నారు, మధ్యలో వదిలేసినవాళ్లు మళ్లీ అన్నంలో పడ్డారు. ఆ ఉద్యమం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, రాత్రి అన్నం తినకపోతే నిద్రపట్టదన్న నమ్మకాన్ని అది తెలుగు ఇళ్లలో మొదటిసారి గట్టిగా కదిలించింది.

దాని పక్కనే ఇంకో రెండు గాలులు వీచాయి. ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన ఖాదర్ వలీ కొర్రలు, అండుకొర్రలు, అరికెలు, సామలు, ఊదలు తినమన్నారు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మంతెన సత్యనారాయణ రాజు ఉప్పు, నూనె లేని వంటను ప్రచారం చేశారు. ఈ రెండూ లో కార్బ్ కావు. సిరిధాన్యాల్లో పీచు ఉంది గాని పిండిపదార్థం కూడా దండిగానే ఉంది. కొర్రన్నం రెండుసార్లు వడ్డించుకుని షుగర్ తగ్గలేదని నిరాశపడే వారికి ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి.

పరిశోధనల మాటకొస్తే, 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ 23 ప్రయోగాలను కలిపి చూసిన విశ్లేషణ ఒకటి ప్రచురించింది. పిండిపదార్థం తగ్గించిన టైప్ 2 షుగర్ రోగుల్లో ఆరు నెలలకు చక్కెర అదుపు ఇతరులకన్నా బాగా ఉంది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోయింది. పథ్యం పట్టడం తేలిక, నిలబెట్టుకోవడం కష్టమన్నదే దీనికి చెప్పుకోదగ్గ అర్థం. నిలబెట్టుకోవాలంటే తిండి నాలుకకు రుచించాలి. కారం అవసరం అక్కడే.

మిరప పని, ఉప్పు తంటా

మిరపకాయ అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసుల ఓడల్లో మనకు చేరింది. అంతకుముందు ఘాటుకు మిరియాలు, పిప్పళ్లు దిక్కు. మిరపలోని క్యాప్సైసిన్ అనే పదార్థం, నాలుక మీద వేడిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. అందుకే కారం తింటే నోరు మండినట్టు ఉంటుంది. ఈ గ్రాహకాన్ని 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. కాగిన నూనెలో ఎండుమిరపకాయ వేయించినప్పుడు ఘాటు వంటంతా పాకడానికి, కారం ఎక్కువైతే నీళ్లకన్నా పెరుగు బాగా పనిచేయడానికి కారణం ఒకటే.

సూర్యాపేట జిల్లా రైతుకు రెండు వైపులా పెద్ద మిర్చి మార్కెట్లు ఉన్నాయి. ఒకవైపు ఖమ్మం, మరోవైపు వరంగల్‌లోని ఎనుమాముల. ఖమ్మం పేరు చెబితే తేజ రకం గుర్తొస్తుంది, ఘాటులో అది మొనగాడు. వరంగల్ చపాటా మిరప లావుగా, ఎర్రగా ఉంటుంది, ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. దానికి 2025లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అన్నం లేకుండా కూర తినేవాళ్లకు ఈ తేడా బాగా పనికొస్తుంది. ఏడాది కారం పట్టించేటప్పుడు రెండూ కలిపితే కూర ఎర్రగా నోరూరిస్తుంది, కడుపు మాత్రం మండదు.

ఇక్కడే లో కార్బ్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా వదిలేసే చిక్కు ఒకటి ఉంది. తెలంగాణ కూరలో ఉప్పూ కారం అన్నం కోసం కొలిచి వేసినవి. కంచంలో గంటెడు కూర నాలుగు గంటెల అన్నాన్ని లాగాలి. అన్నం తీసేసి అదే కూరను గిన్నెడు తింటే ఉప్పు రెండు మూడింతలు లోపలికి పోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఐదు గ్రాముల ఉప్పు చాలంటుంది. షుగర్ ఉన్న ఇంట్లో బీపీ కూడా ఉండటం సర్వసాధారణం కాబట్టి ఇది చిన్న విషయం కాదు. కాబట్టి అన్నం తగ్గించే రోజున ఉప్పు, కారం రెండూ సగానికి దించాలి. దించిన చోట పులుపు, వాసన పెంచాలి. నిమ్మరసం, చింతచిగురు, పచ్చి మామిడి, వేయించి దంచిన ధనియాలు, మెంతులు, నువ్వులు, దండిగా ఎల్లిపాయ, చివర్లో గుప్పెడు కొత్తిమీర. పక్క జిల్లా నకిరేకల్‌లో నిమ్మకాయలకే ప్రత్యేకంగా మార్కెట్ ఉంది, నిమ్మకాయకు ఇక్కడ కొదవ లేదు. పులుపు బాగా తగిలితే తగ్గిన ఉప్పు నాలుకకు పట్టదు.

పొయ్యి మీద

తేలిక అన్న మాటకు అందరికన్నా ముందు నిలిచేది కోడిగుడ్డు. నాలుగు గుడ్లు ఉడకబెట్టి, వలిచి, చాకుతో గాట్లు పెట్టి, పసుపు వేసిన నూనెలో పైపొర గట్టిపడేదాకా తిప్పాలి. అంతలో ఎనిమిది ఎల్లిపాయ రెబ్బలు, చెంచా జీలకర్ర, చెంచా కారం, చిటికెడు ఉప్పు రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. ఆ ముద్దను పొయ్యి సన్నం చేసి గుడ్లకు పట్టించి, కరివేపాకు దూసి దించేయాలి. ఎల్లిపాయ మాడితే చేదు ఎక్కుతుంది, కాబట్టి దంచిన కారం వేశాక రెండు నిమిషాలకు మించి ఉంచకూడదు. గుడ్లు ఉడికే సమయం తీసేస్తే పది నిమిషాల వంట. ఓపిక లేని రోజున ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, టమాటాతో గుడ్డు పొరటు. అందులో గుప్పెడు గంగవాయిలి కూర తరిగి వేస్తే పులుపు దానంతటదే వస్తుంది. చేల గట్ల మీద కలుపుగా మొలిచే ఈ ఆకులో ఒమేగా 3 కొవ్వు ఉంటుంది. డబ్బు పెట్టి అవిసె గింజలు కొనేవాళ్లు దీన్ని తొక్కుకుంటూ పోతుంటారు.

చేప రెండో స్థానంలో ఉంటుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను, ముల్లు తక్కువ, మాంసం గట్టి, వేపుడుకు దానికి సాటి లేదు. ధర ఎక్కువ కాబట్టి మామూలు రోజుల్లో చెరువు బొచ్చె, రవ్వ చాలు. అల్లం ఎల్లిపాయ ముద్ద, కారం, పసుపు, నిమ్మరసం పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, పెనం మీద కొద్ది నూనెతో రెండు వైపులా కాల్చాలి. హోటలు వేపుడులో కరకరలాడేది చేప కాదు, దానికి పూసిన మొక్కజొన్న పిండి. ఇంట్లో ఆ పిండి అక్కర్లేదు. పెనం బాగా కాగాక ముక్క వేసి, నాలుగు నిమిషాలు కదపకుండా ఉంటే పొర దానంతటదే గట్టిపడుతుంది. చేపల పులుసు కూడా బాగానే ఉంటుంది, అయితే చింతపండును లెక్కలోకి తీసుకోవాలి. చింతపండు గుజ్జులో సగానికి పైగా పిండిపదార్థం, చక్కెరలే. నిమ్మకాయంత ఉండ నలుగురికి పంచుకుంటే మనిషికి రెండు మూడు గ్రాములు, భయపడనక్కర్లేదు. ఆ పైన బెల్లం ముక్క వేసే అలవాటు మానేస్తే చాలు.

మాంసం ఈ ప్రాంతంలో పండుగ సరుకు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర, మేడారం తర్వాత రాష్ట్రంలో అంత పెద్ద జాతరగా పేరుపడింది. గొల్ల కురుమల జాతర అది. గొర్రెపోతులు తెగుతాయి, గుట్ట చుట్టూ పొయ్యిలు వెలుగుతాయి. ఆ వంటల్లో మసాలా కన్నా ఎల్లిపాయ, కారం, ధనియాలదే రాజ్యం. ఇంటి దగ్గర వారం మధ్యలో అంత తీరిక ఉండదు. మటన్‌కు కుక్కర్లో ఐదారు విజిళ్లైనా పడతాయి, నాటుకోడి అంతకన్నా మొండిది. తొందరగా అయ్యేది కార్జం. చిన్న ముక్కలు కోసి, మిరియాల పొడి, అల్లం ఎల్లిపాయ, పచ్చిమిరపతో పన్నెండు నిమిషాల్లో వేపుడు సిద్ధం. ఎక్కువసేపు ఉంచితే రబ్బరులా సాగుతుంది. ఇనుము, విటమిన్ ఎ దండిగా ఉన్న కార్జం వారానికి ఒకసారి చాలు. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్లు, గర్భిణులు దూరంగా ఉంటే మంచిది.

పుంటికూర మాంసం సంగతి వేరు. ఆదివారం మటన్ ఉడకబెట్టి ఎత్తిపెట్టుకుంటే సోమవారం రాత్రి పుంటికూర వేరుగా మగ్గించి కలపడమే పని. మగ్గిన ఆకు ముద్దలో పచ్చిమిరపకాయలు నూరి వేస్తే ఎండుకారం కన్నా ఘాటు తాజాగా తగులుతుంది. మరునాటికి ఈ కూర ఇంకా బాగుంటుందని చెప్పడం అతిశయోక్తి కాదు. పులుపు మాంసంలోకి దిగడానికి ఒక రాత్రి పడుతుంది. ఉగాది దాటాక చింతచిగురు వస్తుంది. అప్పుడు పుంటికూర పక్కకు జరిగి చిగురు మాంసం, చిగురు ఎండు రొయ్యలు కంచంలోకి దిగుతాయి. ఎండు రొయ్యల్లో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి వేడినీళ్లలో రెండుసార్లు కడిగి వాడాలి, కూరలో మళ్లీ ఉప్పు వేయకూడదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకు పుంటికూర ఆక్సలేట్ల వల్ల పడకపోవచ్చు.

శాకాహారుల దారి కొంచెం ఇరుకు. పప్పే వారి మాంసకృత్తులు, పప్పులోనే పిండిపదార్థమూ ఉంది. వండని కందిపప్పు వంద గ్రాముల్లో 55 గ్రాములకు పైనే. మనిషికి ముప్పై గ్రాముల పప్పును రెట్టింపు పాలకూరలో, తోటకూరలో వేసి గట్టిగా వండుకుంటే గిన్నెడు తిన్నా లెక్క దాటదు. మీల్‌మేకర్‌లో సోయా వల్ల మాంసకృత్తులు సగానికి పైగా ఉంటాయి. వేడినీళ్లలో నానబెట్టి, గట్టిగా పిండి, మటన్ మసాలాతో వేయిస్తే హాస్టల్ రోజులు గుర్తొచ్చే కూర అవుతుంది. పిండడంలో బద్ధకిస్తే మాత్రం ఆ పచ్చి సోయా వాసన ఏ మసాలాకూ లొంగదు. ఇంకా పనీరు, పెరుగు, పల్లీలు, నువ్వులు.

వంకాయ, కాకర, బెండ, బీర, సొర, పొట్ల, దొండ, క్యాబేజీ, గోరుచిక్కుడు అన్నీ పనికొచ్చేవే. నేల కింద పెరిగేవాటినే చూసి వేసుకోవాలి. గుత్తి వంకాయ ఇందులో రాజు. లేత గుండ్రటి వంకాయలకు నాలుగు గాట్లు పెట్టి, వేయించిన పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి, ధనియాలు, ఎండుమిరప నూరిన ముద్ద కూరి, మంచినూనెలో మూతపెట్టి మగ్గిస్తే ఇరవై అయిదు నిమిషాలు. నాలుగు వంకాయలు, పక్కన గిన్నెడు పెరుగు, అంతటితో కడుపు నిండుతుంది. పల్లీలు, నువ్వుల వల్ల రాత్రి పదింటికి ఆకలి మళ్లీ వేధించదు. కాకరకాయను చేదు పోవాలని ఉప్పులో నానబెట్టి పిండేస్తారు. సన్నటి చక్రాలుగా కోసి నూనెలో నిదానంగా వేయించి, చివర్లో ఎల్లిపాయ కారం చల్లితే చేదూ కారమూ ఒకదాన్నొకటి మోస్తాయి, పిండాల్సిన పని లేదు.

అమెరికాలో డాలస్, న్యూజెర్సీల తెలుగు ఇళ్లలో కాలీఫ్లవర్ తురుమును అన్నంలా వాడటం మామూలైంది. అక్కడ అది తురిమి, ప్యాకెట్లో దొరుకుతుంది. ఇక్కడ తురుముకోవాలి. పోపులో అయిదు నిమిషాలు వేయించి, నిమ్మరసం పిండి పులిహోరలా చేస్తే తినదగ్గదే. అన్నమనుకుని తింటే మాత్రం నచ్చదు, కూరనుకుని తింటే నచ్చుతుంది.

పచ్చిపులుసుకు ఒక ముక్క వేరుగా కేటాయించాలి. పొయ్యి మీద పచ్చిమిరపకాయలు కాల్చి, ఉల్లిగడ్డ ముక్కలతో చేత్తో నలిపి, పలచని చింతపండు రసంలో కలిపి, నువ్వుల పొడి, కొత్తిమీర వేస్తే పచ్చిపులుసు. దీన్ని అన్నంలో పోసుకోకుండా గ్లాసులో తాగితే వేపుడు పక్కన సూపు లేని లోటు తీరుతుంది. ఎండాకాలంలో చిలికిన సల్లలో అల్లం, పచ్చిమిరప దంచి వేసుకున్నా అంతే.

చాటుగా వచ్చే పిండి

అన్నం మానేశామని చెప్పేవాళ్ల కంచంలో పిండి వేరే దారుల్లో చేరుతుంది. చికెన్ 65, మంచూరియా, అపోలో ఫిష్‌లకు మైదా, మొక్కజొన్న పిండి పూస్తారు. హోటలు గ్రేవీలో జీడిపప్పు, టమాటా, ఒక్కోసారి చక్కెర. రాత్రి అన్నం బదులు నాలుగు చపాతీలు తినడం తెలుగువారు షుగర్‌కు కనిపెట్టిన అతి ప్రసిద్ధమైన పథ్యం. నాలుగు చపాతీల్లో పిండిపదార్థం అరవై గ్రాముల దాకా ఉంటుంది. అన్నం మీద నింద వేసి గోధుమకు కుర్చీ వేయడం తప్ప దీంట్లో జరిగేది తక్కువ. ఉప్మా, దోసె, అటుకులు రాత్రి ఫలహారంగా తేలికని పేరు తెచ్చుకున్నాయి గాని, లెక్కలో అవి అన్నానికి అన్నదమ్ములే. తెలంగాణ సోనా, అంటే ఆర్ఎన్ఆర్ 15048 రకం, గ్లైసెమిక్ సూచిక 51 చేరువలో ఉందని పేరుపొందింది. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయం తయారుచేసిన ఈ రకం మిగతా తెల్లబియ్యం కన్నా నెమ్మదిగా చక్కెరను పెంచుతుంది. పిండిపదార్థం మొత్తం మాత్రం అంతే.

పూర్తిగా అన్నం మానలేని వారికి వడ్డన వరుస మార్చుకోవడం మేలు. ముందు కూర, గుడ్డో చేపో, ఆకుకూరో తిని, అన్నాన్ని చివరికి జరిపితే తిన్న తర్వాత చక్కెర ఎగబాకడం తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. తెలుగు భోజనంలో దీనికి సులువైన దారి ఉంది. పప్పన్నం, కూరన్నం, చారన్నం మూడూ వదిలేసి, ఆఖరి పెరుగన్నం ఒక్కటి గుప్పెడు ఉంచుకోవచ్చు. అన్నం తిన్న తృప్తి మిగులుతుంది, పిండిపదార్థం నాలుగో వంతుకు దిగుతుంది. శరీరం చక్కెరను సాయంత్రం కన్నా ఉదయం బాగా సంభాళిస్తుంది కాబట్టి, ఉన్న అన్నాన్ని పగటికి జరపడం, రాత్రి భోజనం ఎనిమిదిలోపు ముగించడం కూడా కలిసొస్తాయి.

మందులు వాడేవాళ్లకు ఈ భోజనం డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాల్సినది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటి మందులు వేసుకుంటూ అన్నం ఒక్కసారిగా మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది, అదీ నిద్రలో. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని ఉండే మాత్రలు వాడేవాళ్లకు అతి తక్కువ పిండిపదార్థాలతో కీటోయాసిడోసిస్ వచ్చే ముప్పు ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు సొంతంగా ప్రయత్నించకూడదు. కడుపులో పుండు, గ్యాస్ మంట ఉన్నవాళ్లు మిరపను తగ్గించి మిరియాలు, అల్లం, జీలకర్రతో సరిపెట్టుకోవాలి. పిల్లలకు అన్నం తీసేయాల్సిన అవసరమే లేదు.

చివరిగా డబ్బు సంగతి. రేషన్ దుకాణంలో ఆరు కిలోల సన్నబియ్యం ఉచితం. గుడ్డు, చేప, మాంసం, నూనె, పల్లీలు సొంత డబ్బుతో కొనాలి. నలుగురున్న కూలి కుటుంబం రాత్రికి మనిషికి రెండు గుడ్ల చొప్పున పెట్టుకుంటే నెలకు 240 గుడ్లవుతాయి. అన్నం తగ్గించమని డాక్టరు చెప్పడం తేలికే, ఆ జాగాలో పెట్టాల్సినదాన్ని తిరుమలగిరి అంగడిలో కొనుక్కోవడం అందరికీ తేలిక కాదు. షుగర్ పరీక్షలు ఊరూరా చేయిస్తున్న ప్రభుత్వం, బియ్యం తూచే ఆ కాటా మీదే నెలకు రెండు కిలోల పప్పు, కిలో పల్లీలు కూడా తూచి ఇవ్వాలి.